వీధి ఎవరి కొలతకు కట్టినది?

నగర నిర్మాణాన్ని గురించి చర్చ జరిగినప్పుడు వినబడే మాటలు సాధారణంగా ఇవి: రోడ్డు వెడల్పు, వంతెన పొడవు, మురుగు కాలువ లోతు, అంచనా వ్యయం. ఇవన్నీ లెక్కకు అందేవి. ఆ రోడ్డు మీద ఎవరు ఏ వేళ నడుస్తారు, చేతిలో ఏమి పట్టుకొని నడుస్తారు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడ ఆగడానికి జంకుతారు అన్న ప్రశ్నలకు అంచనా పత్రంలో గడి ఉండదు. గడి లేనంత మాత్రాన ఆ ప్రశ్నలకు సమాధానం లేకుండా పోదు. పటం గీసినవారికి తెలిసిన నడకే అందరి నడకగా లెక్కలోకి వస్తుంది. చాలా కాలం నగరాలను కొలిచిన నడక ఉదయం ఇల్లు విడిచి సాయంత్రం ఇల్లు చేరే ఉద్యోగిది. ఆ ఉద్యోగి పురుషుడు, వయసులో ఉన్నవాడు, చేతులు ఖాళీగా ఉన్నవాడు.

వీధి, బస్టాపు, ఉద్యానవనం, మరుగుదొడ్డి అన్నవి పన్ను కట్టే వారందరి సొమ్ముతో కట్టినవే అయినా, అవి స్త్రీలకు అందే తీరు, పురుషులకు అందే తీరు ఒకటి కావు. ఆ భేదం ఎక్కడ పుడుతున్నది, దానిని సరిదిద్దడానికి కొన్ని నగరాలు ఏమి చేశాయి, ఒక వార్డులోని నివాసులు తమంతట తాము ఏమి గమనించవచ్చు అన్నవి ఈ పాఠంలోని విషయాలు.

రచ్చబండ, నూతిగట్టు

తెలుగు పల్లె నుండి నగరానికి వచ్చిన కుటుంబాలకు ఈ భేదం కొత్తది కాదు. పల్లెలో రచ్చబండ ఉండేది. అక్కడ పని లేకుండా కూర్చోవడం మగవారికి తప్పు కాదు సరికదా, ఒక వయసు దాటితే అది పెద్దరికానికి గుర్తు. ఆడవారు నలుగురు కలిసే చోట్లు వేరు: నూతిగట్టు, చెరువు రేవు, పిండిమర. ఆ చోట్లన్నిటికీ ఒక షరతు ఉండేది. చంకలో బిందె గాని, నెత్తిన బట్టల మూట గాని లేనిదే అక్కడ నిలబడడానికి కారణం దొరకదు. తిరిగి ఆడది, తిరగక మగవాడు చెడతారన్న సామెత ఆ షరతుకు పెట్టిన ముద్ర.

నగరానికి వచ్చిన తరువాత షరతు పోలేదు, రూపం మార్చుకొన్నది. బిందె స్థానంలో చేతిసంచి, పిల్లవాడి పుస్తకాల సంచి, చెవి దగ్గర ఫోను వచ్చాయి. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అన్న ముగ్గురు రచయిత్రులు ముంబయి నగరాన్ని పరిశీలించి 2011లో ప్రచురించిన 'వై లాయిటర్?' అన్న గ్రంథం ఈ సంగతినే విస్తరించి చెబుతుంది. బయట ఉన్నంతసేపూ తనకు అక్కడ ఏదో పని ఉన్నదని స్త్రీ చూపించుకోవలసి వస్తున్నదని వారు గమనించారు. వారి వాదం అక్కడితో ఆగదు. భద్రత పేరుతో స్త్రీని త్వరగా ఇల్లు చేర్చడం పరిష్కారం కాదనీ, ఏ పనీ లేకుండా కూడా వీధిలో నిలబడగలగడమే ఆమెకు నగరంపై హక్కు ఉన్నదనడానికి గుర్తు అనీ వారంటారు. ఈ వాదం వినగానే నవ్వే పెద్దలుంటారు. రచ్చబండ మీద కూర్చున్నవారిని ఏ పని మీద వచ్చారని ఎవరూ అడగలేదన్న సంగతి జ్ఞాపకం వస్తే ఆ నవ్వు కొంత తగ్గవచ్చు.

పాత బస్తీలలో వీధి కుళాయి నూతిగట్టుకు వారసురాలు. ఇంటింటికీ కుళాయి వచ్చినప్పుడు చాకిరి తగ్గింది. అది గొప్ప మేలు, అందులో సందేహం లేదు. అయితే ఆడవారు నిలబడి నాలుగు మాటలు చెప్పుకొనే ఒక్క చోటు కూడా దానితో పోయింది. దాని స్థానంలో మరొక చోటు ఏర్పరచాలన్న ఆలోచన ఏ పటంలోనూ కనబడదు.

చట్టం వైపు నుండి చూస్తే ఈ విషయంలో సందిగ్ధం లేదు. భారత రాజ్యాంగం 15వ అధికరణం, ప్రభుత్వ ధనంతో నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాలు వాడుకొనడంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలతో ఎవరినీ అడ్డగించరాదని చెబుతున్నది. అదే అధికరణం స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తున్నది. పుట్టిన చోటు అన్న మాట వలస వచ్చినవారు రెండుసార్లు చదువుకోదగినది.

గొలుసు ప్రయాణం

ఆస్ట్రియా దేశ రాజధాని వియన్నాలో 1999లో నగర పాలకులు కొందరు నివాసులకు ఒక ప్రశ్నాపత్రం పంచారు. ఎంత తరచుగా, ఏ పని మీద, ఏ వాహనంలో ప్రయాణిస్తారన్నది ప్రశ్న. పురుషులలో అధికులు దానిని నిమిషాలలో నింపి ఇచ్చారు: పొద్దున కారు గాని, బస్సు గాని, సాయంత్రం మళ్లీ అదే. స్త్రీల సమాధానాలు కాగితం పట్టలేదు. పిల్లవాడిని వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవడం, అక్కడ నుండి బడిలో దింపడం, ఆ తరువాత ఉద్యోగం, తిరిగి వస్తూ తల్లికి సరుకులు కొనిపెట్టడం, బడి దగ్గర మళ్లీ ఆగడం. ఇలా ఒక రోజులో నడకలు, బస్సులు, ట్రాములు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. రవాణా శాస్త్రజ్ఞులు దీనిని గొలుసు ప్రయాణం అంటారు. ఒక్కొక్క కొక్కెం చిన్నది. మొత్తం గొలుసు పెద్దది.

మన నగరాలలో ఈ గొలుసు ఇంకా బరువైనది. బెంగళూరులో రెండు మూడు ఇళ్లలో పనిచేసే స్త్రీ తెల్లవారుజామున ఒక చోట, పదింటికి మరొక చోట, సాయంత్రం ఇంకొక చోట ఉండవలసి వస్తుంది. సోలాపురంలో తరాలుగా స్థిరపడిన పద్మశాలి కుటుంబాల స్త్రీలు ఎందరో ఇంటి దగ్గర బీడీలు చుడతారు. ఇంటి దగ్గర పని గనుక ప్రయాణం లేదని బయటివారు అనుకొంటారు. చుట్టిన బీడీలు అప్పగించడానికి, ఆకు, తంబాకు తెచ్చుకొనడానికి కార్ఖానాకు పోయి రావలసిందే. ఆ నడక ఉద్యోగస్థుల రాకపోకల లెక్కలో సులభంగా చేరేది కాదు. ఉదయం ఎనిమిది నుండి పది వరకు, సాయంత్రం ఐదు నుండి ఎనిమిది వరకు బస్సులు ఎక్కువ వేసే పద్ధతి ఈ స్త్రీలలో చాలామందికి ఉపయోగపడదు. మధ్యాహ్నం రెండింటికి ఎండలో బస్సుకోసం నిలబడేవారు ఎవరో ఒకసారి లెక్కపెట్టి చూస్తే ఈ మాటలోని నిజం తెలుస్తుంది.

గొలుసు ప్రయాణంలో ప్రతి కొక్కేనికీ ఒక టిక్కెట్టు. అందువల్ల ఇటీవలి ఉచిత బస్సు పథకాలు స్త్రీల కదలికను నేరుగా తాకాయి. తమిళనాడులో 2021 మే నెలలో సాధారణ ఛార్జీల పట్టణ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలయింది. కర్ణాటకలో 'శక్తి' పథకం 2023 జూన్ 11న, తెలంగాణలో 'మహాలక్ష్మి' అదే సంవత్సరం డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీ శక్తి' 2025 ఆగస్టు 15న ఆరంభమయ్యాయి. కర్ణాటక పథకం ఆ రాష్ట్ర నివాసులైన స్త్రీలకు వర్తిస్తుంది. కర్నూలు నుండో అనంతపురం నుండో వచ్చి బెంగళూరులో పదేళ్లుగా పనిచేస్తున్న స్త్రీ ఆధార్ కార్డు మీద ఇప్పటికీ ఊరి చిరునామానే ఉంటే, కండక్టరు ఆమె వద్ద టిక్కెట్టు డబ్బు అడుగుతాడు. చిరునామా మార్పించుకొనడం ఇక్కడ కాగితపు పని మాత్రమే కాదు. అది రోజువారీ కూలిలో మిగిలే భాగం.

ఛార్జీ పోయినా బస్టాపు మిగిలి ఉంటుంది. నీడ లేని, కూర్చొనే బల్ల లేని, దీపం లేని బస్టాపులో ఉచిత బస్సుకోసం అరగంట నిలబడడం ఎంత ఉచితమో చెప్పనక్కరలేదు. బోర్డు భాష మరొక సంగతి. తెలుగు చదవగలిగినవారు కన్నడ లిపిని కొంత కూడబలుక్కొని బెంగళూరు బస్సు ఎక్కగలరు. చెన్నైలో తమిళ లిపి ఆ దయ చూపదు. బస్సు ముందు మాత్రమే కాక పక్కన, వెనుక కూడా పెద్ద అంకెలలో నంబరు రాయడం చదువు తక్కువైన ప్రయాణికురాలికి, ముఖ్యంగా చీకటి పడిన తరువాత, పెద్ద సాయం. ఎవరినీ అడగకుండా తన బస్సును తాను గుర్తించగలగడం కూడా భద్రతలో భాగమే.

ముంబయి లోకల్ రైళ్లలోని స్త్రీల పెట్టెలను ఇక్కడ తలచుకోవాలి. 1992లో పశ్చిమ రైల్వే చర్చిగేటు, బోరివిలి మధ్య మొత్తం రైలునే స్త్రీలకు కేటాయించింది. ఆ పెట్టెలలో కూరలు తరుక్కొనేవారు, భజన చేసేవారు, నిద్రపోయేవారు, ఊరికే కిటికీ బయటకు చూసేవారు ఉంటారు. ప్రత్యేకమైన చోటు కేటాయించడం శాశ్వత పరిష్కారం కాదని కొందరు వాదిస్తారు. ఆ వాదంలో బలం ఉన్నది. అయినా రోజుకు రెండు గంటలు ఎవరి చూపూ మోయనక్కరలేని చోటు దొరికినవారు ఆ వాదం ముగిసే వరకు ఆగలేరు.

నడకబాట విషయంలో కొలతలు స్పష్టంగానే ఉన్నాయి. పాదచారుల సౌకర్యాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో వెలువరించిన మార్గదర్శకాలు నడవడానికి అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదనీ చెబుతున్నాయి. ఆ వెడల్పులో ట్రాన్స్‌ఫార్మరు, చెత్తతొట్టి, దుకాణం మెట్లు, నిలబెట్టిన మోటారు సైకిళ్లు చేరిన తరువాత మిగిలేది ఎంత? చంకలో బిడ్డ, చేతిలో సంచి ఉన్న స్త్రీ గట్టు దిగి రోడ్డు మీద నడుస్తుంది. చీరతో అడుగు ఎత్తున్న గట్టు ఎక్కి దిగడం ఎంత కష్టమో ఇంజనీరు కార్యాలయంలో కూర్చున్నవారికి తోచకపోవచ్చు. ఇంట్లో అడిగితే తెలుస్తుంది. చెన్నై త్యాగరాయ నగరులోని పాండీ బజారులో 2019 నవంబరులో ప్రారంభమైన పాదచారుల బాట విశాలంగా, మధ్య మధ్య కూర్చొనే ఏర్పాట్లతో ఉన్నది. సాయంత్రం అక్కడ ఏమీ కొనకుండా కూర్చున్న కుటుంబాలను చూడవచ్చు. ఆ పేటకు పేరిచ్చిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు కుటుంబీకుడే.

ఏ పని ముందు చేయాలన్న వరుసలో కూడా భేదం దాగి ఉంటుంది. స్వీడన్‌లోని కార్ల్స్‌కూగా పట్టణంలో మంచు పడినప్పుడు పెద్ద రోడ్లను ముందు, కాలిబాటలను చివర శుభ్రపరిచేవారు. ఆ వరుస కారు నడిపేవారికి అనుకూలమనీ, వారిలో పురుషులే ఎక్కువ అనీ గ్రహించి, కాలిబాటలకు, బస్టాపులకు ముందు స్థానం ఇచ్చారు. మూడంగుళాల మంచులో కారు నడపడం కంటె తోపుడుబండిలో బిడ్డను పెట్టుకొని నడవడం కష్టం కదా. మన నగరాలలో మంచు లేదు, వాన నీరున్నది. వాన ఆగిన తరువాత ముందుగా నీరు తోడేది పై వంతెన కిందనా, అంగన్‌వాడీ ముందు సందులోనా అని అడగడం న్యాయమే.

తొమ్మిదేళ్ల తరువాత

వియన్నా కథ ప్రశ్నాపత్రంతో మొదలు కాలేదు. 1991లో ఎవా కైల్ అన్న నగర ప్రణాళికా నిపుణురాలు, సహోద్యోగినులు కలిసి స్త్రీల రోజువారీ జీవితాన్ని ఛాయాచిత్రాలలో చూపే ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. బహిరంగ స్థలం ఎవరిది అన్నది ఆ ప్రదర్శన అడిగిన ప్రశ్న. మరుసటి సంవత్సరం నగర పాలక సంస్థలో స్త్రీల వ్యవహారాలకు ఒక కార్యాలయం ఏర్పడింది. 1993లో స్త్రీ వాస్తుశిల్పుల మధ్య పోటీ పెట్టి ఒక గృహ సముదాయానికి నమూనాలు ఆహ్వానించారు. 1997 నాటికి 357 ఇళ్లతో అది పూర్తయింది. ఆ ఇళ్ల మధ్య గడ్డి పరచిన లోగిళ్లు, వంటింటి నుండి కనబడే ఆటస్థలం, అక్కడే శిశువిహారం, మందుల దుకాణం, వైద్యుని గది. గొలుసు ప్రయాణంలోని కొక్కేలు కొన్ని ఇంటి ముందుకే వచ్చాయన్నమాట.

అందరికంటె ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ నగరపు ఉద్యానాల అనుభవం. 1990వ దశకం మధ్యలో జరిగిన పరిశీలనలో, తొమ్మిదేళ్లు దాటిన తరువాత ఉద్యానాలకు వచ్చే ఆడపిల్లల సంఖ్య ఒక్కసారిగా పడిపోతున్నదనీ, మగపిల్లల సంఖ్య మాత్రం అలాగే ఉంటున్నదనీ తేలింది. ఆడపిల్లలకు ఆట మీద ఆసక్తి తగ్గి కాదు. ఉద్యానం అంటే మధ్యలో ఒకే పెద్ద మైదానం, చుట్టూ కంచె. ఆ మైదానం కోసం మగపిల్లలతో పోటీ పడవలసి వచ్చినప్పుడు ఆడపిల్లలు తగవు పెట్టుకోలేదు, రావడం మానేశారు. ఎవరూ వారిని పొమ్మనలేదు గనుక ఎవరి తప్పూ లేనట్లే కనిపించింది.

1999లో అయిదవ జిల్లాలోని రెండు ఉద్యానాలను మార్చారు. ఒకే మైదానాన్ని మొక్కలతో, చిన్న చిన్న ఎత్తుపల్లాలతో కొన్ని భాగాలుగా విడదీశారు. వాలీబాల్, బ్యాడ్మింటన్ వంటి ఆటలకు చోట్లు కల్పించారు. నడవడానికి బాటలు వేసి రాకపోకలు సులభం చేశారు. ఎక్కువ కాలం పట్టలేదు. వేరువేరు గుంపులు వేరువేరు భాగాలను తమవిగా చేసుకొన్నాయి, ఆడపిల్లలు తిరిగి వచ్చారు. మగపిల్లలను ఎవరూ వెళ్లగొట్టలేదు. చోటు పెరగలేదు, విభజన మారింది, అంతే.

మన ఉద్యానాలలో ఈ పాఠానికి మరొక అధ్యాయం చేర్చవలసి ఉన్నది. చాలా నగరాలలో ఉద్యానాలను ఉదయం, సాయంత్రం మాత్రమే తెరచి, మధ్యాహ్నం తాళం వేయడం అలవాటు. నడక వ్యాయామానికి వచ్చేవారికి ఆ వేళలు సరిపోతాయి. రెండు ఇళ్ల పని మధ్య రెండు మూడు గంటలు ఖాళీ దొరికే స్త్రీకి, ఇల్లు ఒక బస్సు దూరంలో ఉన్నప్పుడు, చెట్టు కింద బల్ల అవసరమయ్యే వేళ సరిగ్గా ఆ తాళం వేసిన వేళే. ఆమె మెట్ల మీదనో, లిఫ్టు పక్కనో కూర్చొని అన్నం తింటుంది. ఉద్యానం గేటు తెరచి ఉంచడానికి కొత్త కట్టడం అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

నీళ్లు తాగని ఆడవారు

బహిరంగ మరుగుదొడ్డి గురించి రాయడానికి పత్రికలు కూడా చాలా కాలం మొహమాటపడ్డాయి. నగరంలో స్త్రీ ఆరోగ్యాన్ని, సంపాదనను ఇంతగా నిర్ణయించే కట్టడం మరొకటి లేదు. బయటకు వెళ్లే ముందు నీళ్లు తాగకపోవడం మన ఆడవారిలో అలవాటు అనుకొంటారు. అది అలవాటు కాదు, లెక్క. దారిలో ఎక్కడా మరుగుదొడ్డి లేదని, ఉన్నా తాళం వేసి ఉంటుందని, తాళం లేకపోతే గడియ ఉండదని తెలిసి వేసుకొన్న లెక్క. దాని మూల్యం మూత్రనాళ వ్యాధుల రూపంలో, మండువేసవిలో వడదెబ్బ రూపంలో చెల్లుతుంది.

ముంబయిలో 2011లో కొన్ని స్వచ్ఛంద సంస్థలు కలిసి 'రైట్ టు పీ' అన్న పేరుతో ఉద్యమం ప్రారంభించాయి. పేరు మోటుగా ఉన్నదని విమర్శించినవారు లేకపోలేదు. మర్యాదగా అడిగినన్నాళ్లూ ఎవరూ వినలేదు కదా. వారు ఎత్తిచూపిన అన్యాయం చాలా చిన్నదిగా కనబడేది: మూత్రశాలలో పురుషుడు ఉచితంగా పోయి వస్తాడు, అదే కట్టడంలో అదే అవసరానికి స్త్రీ డబ్బు చెల్లించాలి. పురుషునికి విడిగా మూత్రశాల ఉన్నది, స్త్రీకి గది తప్ప మార్గం లేదు; గదికి రుసుము ఉన్నది. ఎవరూ స్త్రీలపై పన్ను వేయాలని నిర్ణయించలేదు, కట్టడపు పటమే ఆ పన్ను వేసింది. రోజుకు మూడుసార్లు అయిదేసి రూపాయలు ఇవ్వవలసిన కూరగాయలమ్మికి నెలకు నాలుగు వందల యాభై అవుతుంది. తరువాతి కాలంలో బొంబాయి హైకోర్టు కూడా స్త్రీల మరుగుదొడ్ల విషయంలో నగర పాలక సంస్థలకు ఆదేశాలిచ్చింది.

సమానత్వం గురించిన ఒక పొరపాటు అభిప్రాయం ఇక్కడ తేలికగా బయటపడుతుంది. స్త్రీలకు, పురుషులకు సమానమైన వైశాల్యం ఇస్తే న్యాయం జరిగినట్లు కనిపిస్తుంది. మూత్రశాలకు పట్టే చోటు తక్కువ గనుక అదే వైశాల్యంలో పురుషుల వైపు ఎక్కువమందికి ఒకేసారి వీలవుతుంది. స్త్రీలకు పట్టే సమయం ఎక్కువ. చీర, సల్వారు సర్దుకోవాలి, వెంట పిల్లలుంటారు, నెలసరి రోజులుంటాయి, గర్భిణులుంటారు. చోటు సమానం, వరుస ఒకవైపే. స్వచ్ఛ భారత్ మార్గదర్శకాలు బస్తీలలోని సాముదాయిక మరుగుదొడ్లకు పురుషులు 35 మందికి ఒకటి, స్త్రీలు 25 మందికి ఒకటి చొప్పున ఉండాలని చెప్పడం ఈ లెక్కను కొంత గుర్తించినట్లే. సర్వోన్నత న్యాయస్థానం 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కూడా ప్రత్యేక మరుగుదొడ్లు కల్పించాలని ఆదేశించింది. ఇది ఇంకా చాలా వార్డులలో కాగితం దాటలేదు.

ఎన్ని గదులన్నది ఒక ప్రశ్న, గదిలో ఏమున్నదన్నది మరొకటి. లోపల గడియ, సంచి తగిలించే కొక్కెం, వాడిన ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా, నీరు, దీపం. దారి కూడా లెక్కలోనిదే: పురుషుల ద్వారం ముందు నుండి స్త్రీలు పోవలసి వచ్చేలా కట్టిన మరుగుదొడ్డి రాత్రి ఎనిమిది దాటితే స్త్రీలకు లేనట్లే. చెన్నైలో తెల్లవారుజామున వీధులు ఊడ్చే కార్మికులలో తెలుగు మాట్లాడే కుటుంబాల స్త్రీలు తరతరాలుగా ఉన్నారు. నగరాన్ని శుభ్రపరిచేవారికే పని వేళలో మరుగుదొడ్డి దొరకకపోవడం కంటె పెద్ద వైపరీత్యం ఊహించడం కష్టం. చెన్నై మహానగర పాలక సంస్థ 2022లో స్త్రీ పురుష భేద దృష్టితో పథకాలను పరిశీలించే విభాగాన్ని ఏర్పరచుకొన్నది. ఇటువంటి సంగతులు దాని దృష్టికి తీసుకొనిపోదగినవి.

కూర్చొనే హక్కు కూడా ఇదే కోవలోనిది. బట్టల దుకాణాలలో రోజంతా నిలబడే అమ్మకపు స్త్రీలకు కుర్చీ ఇవ్వాలని 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టాలు సవరించుకొన్నాయి. దుకాణం వీధి కాదు, నిజమే. అయినా ఆ స్త్రీ రాత్రి తొమ్మిదికి అలసిన కాళ్లతో చేరేది వీధిలోకే.

దీపమూ, చూపూ

చీకటి వీధి అనగానే రెండు పరిష్కారాలు వినబడతాయి: దీపం, కెమెరా. 2012 డిసెంబరులో ఢిల్లీలో బస్సు కోసం ఎదురుచూసిన యువతిపై జరిగిన ఘోరం తరువాత, 2013 కేంద్ర బడ్జెటులో 1,000 కోట్ల రూపాయలతో నిర్భయ నిధి ఏర్పడింది. ఆ నిధితో చేపట్టిన సేఫ్ సిటీ పథకంలో ముంబయి, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు సహా 8 నగరాలున్నాయి. కెమెరాల అవసరాన్ని కాదనలేము. అయితే కెమెరా జరిగినదానిని చూపుతుంది, పక్కన నడవదు. కేకకు తలుపు తీసేది మనిషే.

నగర వీధులకు కాపలా పోలీసులకంటె ముందు దుకాణదారులు, అరుగుల మీద కూర్చున్నవారు, దారినపోయేవారు అని అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. తెలుగు వీధికి ఆ సంగతి తెలుసు. అరుగు అందుకే ఉండేది. ఎత్తయిన ప్రహరీ గోడ ఇంటిని కాపాడుతుందని నమ్మి కట్టుకొంటున్నారు. గోడ బయట నడిచే స్త్రీకి అది ఒక్క కిటికీ లేని అర కిలోమీటరు. అదే కాలిబాటపై రాత్రి పదింటి వరకు ఒక పూలబండి, ఒక ఇడ్లీ బండి ఉంటే ఆ దారి మారిపోతుంది. వీధి వ్యాపారులను అడ్డంకిగా చూసి తొలగించినప్పుడు దారి వెడల్పవుతుంది, ఒంటరిదవుతుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. వారిలో మూడింట ఒక వంతు స్త్రీలు ఉండాలి. పూలు, కూరలు, చేపలు అమ్ముకొనే తెలుగు స్త్రీలకు ఈ నియమం తెలిసి ఉండడం మంచిది.

దీపం విషయంలో ఒక చిన్న మెళకువ ఉన్నది. రోడ్డు దీపాలు చాలావరకు వాహనాల కోసం అమర్చినవి. ఎత్తయిన స్తంభం మీది వెలుగు రోడ్డు మధ్య పడుతుంది. చెట్టు కొమ్మల కింద కాలిబాట నీడలోనే ఉంటుంది. స్తంభాల లెక్క చూపి వీధి వెలుగుగా ఉన్నదని ఇంజనీరు చెప్పినా, నడిచేవారు చీకటి అన్నా, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

వార్డులో పరిశీలన

1989లో కెనడాలోని టొరంటో నగరంలో మెట్రాక్ అన్న స్త్రీల సంస్థ ఒక సులభమైన పద్ధతిని రూపొందించింది. ఒక వీధిని వాడే స్త్రీలే చీకటి పడిన తరువాత కలిసి నడచి, చూసినదానిని రాసుకొనడం ఆ పద్ధతి. భారతదేశంలో ఢిల్లీకి చెందిన జాగోరి వంటి సంస్థలు దానిని అనుసరించాయి. 2013లో వచ్చిన సేఫ్‌టీపిన్ అన్న ఫోను అప్లికేషను అదే పరిశీలనను పటం మీదకు ఎక్కించింది. దీనికి నిపుణులు అక్కరలేదు. అయిదారుగురు చాలు, వారిలో ఒకరు వృద్ధురాలు, ఒకరు చదువుకొనే అమ్మాయి, ఒకరు చంటిబిడ్డ తల్లి అయితే మరీ మంచిది, ఒకరికి కనబడనిది మరొకరికి కనబడుతుంది. వీలైతే ఆ పేటలోని కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా ఇరుగుపొరుగు స్త్రీలను కూడా కలుపుకోవాలి. విన్నపం ఏ ఒక్క భాషవారిదీ కాక వీధిదిగా ఉన్నప్పుడు దానికి బరువెక్కువ.

బస్టాపు నుండి ఇంటి వరకు, పని స్థలం నుండి మరుగుదొడ్డి వరకు నడవాలి. రాసేటప్పుడు భయంగా ఉన్నది అని రాస్తే కార్యాలయంలో దానికి జవాబు దొరకదు. ఏ స్తంభం దగ్గర దీపం వెలగడం లేదు, స్తంభం నంబరు ఎంత. ఏ దుకాణం ముందు బాట మూసుకొనిపోయింది, మిగిలిన వెడల్పు ఎన్ని అడుగులు. మరుగుదొడ్డి ఏ గంటకు తాళం పడుతున్నది. మలుపు దాటే వరకు అవతలివారు కనబడని చోటు ఏది. రాత్రి తొమ్మిదికి ఆ దారిలో స్త్రీలు ఎందరు కనిపించారు. ఈ ఆఖరి అంకె చాలా చెబుతుంది. స్త్రీలు లేని వీధిలో నేరాలూ నమోదు కావు. దానిని సురక్షితమైన వీధిగా లెక్కించే ప్రమాదం ఉన్నది.

74వ రాజ్యాంగ సవరణ తరువాత పురపాలక సంఘాలలో మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు స్త్రీలవి. మహారాష్ట్ర, తమిళనాడు వంటి రాష్ట్రాలు దానిని సగానికి పెంచాయి. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలన్నది కూడా రాజ్యాంగ నియమమే. విన్నపాన్ని కౌన్సిలరుకు ఇచ్చి, ఒక ప్రతి వార్డు కార్యాలయంలో ఇచ్చి, తమ దగ్గర ఉంచుకొనే ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. దీపాలకు విద్యుత్ విభాగం, గట్టుకు, బాటకు ఇంజనీరింగ్ విభాగం, మరుగుదొడ్డికి పారిశుద్ధ్య విభాగం, ఉద్యానం వేళలకు ఉద్యాన విభాగం, బస్టాపుకు, బస్సు వేళలకు రవాణా సంస్థ బాధ్యులు. అన్నిటినీ ఒకే కాగితంలో రాస్తే అది ఒక బల్ల నుండి మరొక బల్లకు తిరుగుతూ ఉంటుంది గనుక ఒక్కొక్క విభాగానికి విడిగా, స్థానిక భాషలో రాయించి ఇవ్వడం మేలు. నెల రోజుల తరువాత అదే దారిలో మళ్లీ నడచి, ఏది మారిందో ఏది మారలేదో పాత కాగితం పక్కనే రాసుకోవాలి.